ఎల్లమ్మ వాటా

నాకు పక్షులంటే ప్రేమా లేదు, పగా లేదు. పొద్దున్నే బాల్కనీలో పావురాలు చేసే గలీజు కడిగేది నేనే కాబట్టి ప్రేమ ఒక పాలు తక్కువే అనుకోవచ్చు. ముప్పై నాలుగేళ్ళుగా నా పని భూములు కొలవడం. నాందేడ్ జిల్లాలో నేను గొలుసు లాగని ఊరు లేదు, నా చేత తిట్లు తినని గొలుసు కూలీ లేడు. మా తాత నిజామాబాద్ నుంచి రైలు పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పట్టాలు పరిచాడు, నేను హద్దురాళ్ళు పాతించాను. వంకర గీత చూస్తే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాననగా నన్నొక కమిటీలో వేశారు. జిల్లాలో ఒక చోటు వెతకాలట. అక్కడ అడవి జీవాలకు రక్షణ ఉండాలి, బడి పిల్లలు వచ్చి వాటిని చూసి నేర్చుకోవాలి. మార్కులు నూటికి. యాభై ప్రకృతికి, యాభై చదువుకు. కమిటీ పెద్ద విలాస్‌రావ్ సార్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి దిగిపోయిన మనిషి, మార్కులు వేయకుండా దేవుడికి కూడా దండం పెట్టడు. పక్షుల సంగతి చూడటానికి ప్రాజక్త అనే కిన్వట్ అమ్మాయి. ఇంట్లో మరాఠీ, బజార్లో తెలుగు, కోపం వస్తే రెండూ. కొలతలకు నేను.

తిరిగి తిరిగి చివరికి రెండు చోట్లు మిగిలాయి. ఒకటి బిలోలి దగ్గర మంజీర ఒడ్డు. తారు రోడ్డు, బస్సు, నీళ్ళు, నీడ, నాలుగు గదులు కట్టడానికి చదునైన నేల. రెండోది ఇస్లాపూర్ దాటాక బోదవాడి అనే చిన్న ఊరి గైరాన్, అంటే ఊరి పశువులకు వదిలిన మేత భూమి. రెండు వందల పన్నెండు ఎకరాల గడ్డి. ఆ పేరు చదవగానే నాకు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళ కింద ఆ భూమిని కొలిచింది నేనే.

పాత ఫైలు తీయిస్తే నా చేతిరాతే. "పడీక్. ఏమీ లేదు." పడీక్ అంటే దేనికీ పనికిరాని బీడు. ఆ ముక్కల కింద నా సంతకం, అప్పట్లో కాస్త స్టైలుగా పెట్టేవాణ్ణి. భూమి ఖాళీగా ఉందని నేను రాసి పెట్టాను కాబట్టి ఇప్పుడు దాని మీద ఇంకో పథకం కూర్చుంది. కమిటీ ఈ చోటును ఎంచుకోకపోతే జూన్‌లో అక్కడ నలభై వేల గుంటలు తవ్వి మొక్కలు నాటుతారు. సున్నంతో గుర్తులు కూడా వేసేశారు. చెట్లు నాటితే ఎవరి సొమ్ము పోయింది అని నేనూ అనుకున్నాను.

డిసెంబర్ చివర్లో కమిటీ అంతా బోదవాడికి వెళ్ళాం. ఆఫీసు మనుషులం కదా, పదకొండుకు చేరి ఒంటిగంటకు భోజనానికి లేచాం. ఆ రెండు గంటల్లో కనిపించింది గడ్డి, గాలి, ఒక కుందేలు తోక. విలాస్‌రావ్ సార్ ఎండకు కళ్ళు చిట్లించి, "పిల్లల్ని ఇంత దూరం తీసుకొచ్చి ఏం చూపిస్తాం? గడ్డా?" అని మరాఠీలో అడిగాడు.

"సాయంత్రం దాకా ఉండండి సార్" అంది ప్రాజక్త.

"సాయంత్రం నాందేడ్‌లో మీటింగ్ ఉంది" అని ఆయన జీపెక్కాడు. నాకు హద్దులు కొలిచే పని మిగిలింది కాబట్టి జీపు మళ్ళీ పంపిస్తామని నన్నక్కడే వదిలేశారు. సాయంత్రం దాకా ఉంటానని ప్రాజక్త కూడా ఆగిపోయింది. జీపు నాలుగైనా రాలేదు. సిగ్నల్ లేని ఫోన్‌ని, రాని జీపును, ప్రాజక్తను వరసగా తిట్టుకుంటూ ఒక హద్దురాయి మీద కూర్చున్నాను. రాయి మాత్రం వంకర లేకుండా ఉంది, నేను పాతించిందే.

దూరంగా ఆరుగురు ఆడవాళ్ళు గడ్డి కోస్తున్నారు. చుట్టూ అంచుల నుంచి కోసుకుంటూ వచ్చి, నడుమ ముప్పై నలభై ఎకరాలు ముట్టకుండా వదిలేశారు. అందరిలోకీ ముసలామె నీళ్ళు తాగడానికి నా దగ్గరికి వచ్చింది. పేరు శివవ్వ. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, నడుం మాత్రం నాకన్నా నిటారుగా ఉంది.

"అవ్వా, నడుమ మంచి గడ్డి ఉంచి అంచులకు పస లేనిది కోసుకుంటున్నరేంది?" అన్నాను. ఊరి జనానికి తెలివి చెప్పే అలవాటు నా నౌకరీతో వచ్చింది.

"అది ఎల్లమ్మ వాటా బిడ్డా. ఉగాది దాంక ముట్టం. మాహూర్ అమ్మ పిట్టలు పండే జాగ గది."

మాహూర్ కొండ మీది రేణుకాదేవిని మావాళ్ళు ఎల్లమ్మ అంటారు, పడుకోవడాన్ని పండటం అంటారు. దేవత వాటాకు హద్దులు ఎవరు పెట్టారని అడగబోయాను. అప్పటికే ఆమె నా ముఖంలోకి వంగి చూస్తోంది.

"నువ్వు గొలుసు సారువు గద? ఎండకాలం అచ్చినవ్. నీకు అంబలి పోసిన నేను."

నాకు అంబలి గుర్తొచ్చింది, ఆమె గుర్తురాలేదు. దానికి సిగ్గుపడ్డాను.

"నువ్వు కాయిదం మీద రాస్తుంటే అడిగిన, ఏం రాస్తున్నవ్ బిడ్డా అని. ఏం లేదని రాస్తున్ననవ్వా అన్నవ్. సలికాలం రా, సూపిస్త అన్న. రాకపోతివి."

మాకు చలికాలం ఎక్కడిది? పైర్లు, గడ్డి ఉంటే గొలుసు సాగదు. అందుకే మా కొలతలన్నీ ఏప్రిల్, మే నెలల్లో, నేల నున్నగా గుండు గీయించుకున్నప్పుడు. ఏ భూమినీ దాని మంచి రోజుల్లో నేను చూసిందే లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ రాయి మీద కూర్చుని మొదటిసారి వచ్చింది.

పొద్దు తాటిచెట్టంత ఎత్తులో ఉండగా ఆడవాళ్ళు కోత ఆపారు. కొడవళ్ళు బోర్లించి నేల మీద పెట్టారు. గడ్డి అంచు నుంచి వెనక్కి నడిచి, సున్నం మొహం ఎరగని నాలుగు నల్లరాళ్ళ దగ్గర వరసగా కూర్చున్నారు. ప్రాజక్త కూడా పోయి కూర్చుంది. శివవ్వ తలా ఒక గడ్డిపరక ఇచ్చింది. అందరూ దాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నారు.

"నువ్వు గూడ పెట్టుకో సారూ. నోట్ల పరక ఉంటే మాట రాదు. పిట్టలు పండినంక తియ్యాలె."

ఇన్నేళ్ళ సర్కారు నౌకరీలో ఎన్నడూ గడ్డి కరవలేదని మా ఆవిడ దగ్గర, అడిగినా అడక్కపోయినా, చెప్పుకుంటుంటాను. ఆ గర్వం ఆ సాయంత్రం బోదవాడిలో ముగిసింది. పరక చప్పగా, చివరన కాస్త తియ్యగా ఉంది.

మొదటి పక్షి ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి ఉంది. బూడిద రంగు, పొడుగు రెక్కలు, రెక్కల కొసలు నలుపు. గడ్డికి మూరెడు ఎత్తున, రెక్క ఆడించకుండా, అటోసారి ఇటోసారి ఒరుగుతూ పోతోంది. పిల్లి గద్ద అంటారని ప్రాజక్త తర్వాత చెప్పింది. దాని వెనక గోధుమ రంగుది ఒకటి. తర్వాత నాలుగు. నా వృత్తి కొద్దీ లెక్క మొదలుపెట్టాను. పన్నెండు, ముప్పై, అరవై. కొండ వైపు నుంచి వస్తున్నాయి, ఇస్లాపూర్ చేల మీది నుంచి, మా వీపుల వెనక నుంచి. ఒకటి నా తలకు ఎంత దగ్గరగా పోయిందంటే దాని పసుప్పచ్చని కన్ను కనిపించింది. అది నన్ను చూసింది. చూసి, నాలో విశేషమేమీ లేదని ముందుకు పోయింది.

నూట తొంభై దాకా లెక్క ఉంది. ఆ తర్వాత లేదు. ఆకాశం అడుగు భాగమంతా రెక్కలే. ఇన్ని వందల గద్దలున్నాయి, ఒక్క అరుపు లేదు. ఎల్లమ్మ వాటా మీద తిరుగుతున్నాయి, దిగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి, పెళ్ళి పంక్తిలో చోటు వెతుక్కునే చుట్టాల్లాగా జరిగి జరిగి తమ తమ జాగాల్లో కూర్చుంటున్నాయి. కూర్చున్నది కూర్చున్నట్టే గడ్డిలో మాయమవుతోంది. నేల వాటిని ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుంది. చివరికి గాలికి ఊగే గడ్డి తప్ప ఏమీ లేదు. నేను మే నెలలో చూసినట్టే, ఏమీ లేదు.

నాకు ఒళ్ళు జలదరించింది. భయం కాదు. గుళ్ళో ఎన్నడూ కలగనిది, ఎవరిదో చాలా పెద్ద ఇంట్లో అడగకుండా అడుగుపెట్టానని తెలిసినప్పటి సిగ్గు, సంతోషం, రెండూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుంటే పక్కనున్న ఆడవాళ్ళు చూస్తారని తుడుచుకోలేదు. పరక ఎప్పుడు రెండు ముక్కలుగా కొరికానో తెలియదు.

తిరిగి నడుస్తున్నప్పుడు ప్రాజక్త మెల్లగా చెప్పింది. ఇవి హిమాలయాలకు అవతల, ఎక్కడో వేల కిలోమీటర్ల దూరపు గడ్డి మైదానాల నుంచి వస్తాయట. చలికాలమంతా పగలు చేలల్లో మిడతల్ని తిని, సాయంత్రం ఇక్కడికి చేరతాయట. "నేల మీద పండే పిట్ట కాకా. చుట్టూ ఖాళీ ఉంటేనే దీనికి ధైర్యం. చెట్లు పెడితే మళ్ళ రాదు."

"మాహూర్ నుంచే అస్తయి" అంది శివవ్వ వెనక నుంచి. ఇద్దరిలో ఎవరిదీ కాదనే ధైర్యం నాకు లేదు.

ఊళ్ళోకి వచ్చాక ప్రాజక్తకూ నాకూ గొడవైంది. పిల్లలు వస్తే పక్షులు బెదిరి పోతాయని, అసలు ఎవర్నీ రానివ్వకూడదని ఆ పిల్ల పట్టు. "ఎవ్వలు రాకపోతే చదువుకు యాభైకి సున్న. మంజీర ఒడ్డు గెలుస్తది. గీడ జూన్‌ల గుంటలు పడ్తయి. అప్పుడు నీ పిట్టలు యాడ పండాలె?" అని నేను అరిచాను. కోపం ఆ పిల్ల మీద కాదు. నలభై వేల గుంటలు నా రెండు ముక్కల మీద తవ్వుతున్నారు, అది నాకు తెలుసు. ప్రాజక్త రెండు భాషల్లో ఏదో అని, ఏడుపు ఆపుకోవడానికి మొహం తిప్పుకుంది.

శివవ్వ గడ్డిమోపు దించి, మమ్మల్ని ఇద్దర్నీ చూసింది. "మేం ఆర్గురం రోజు ఆడనే కూసుంటున్నం గద. పిట్టలు పోయినయా? మా అత్త కూసున్నది, ఆమె అత్త కూసున్నది. కూసునుడు నేర్పియ్యిన్రి పోరగాండ్లకు."

మర్నాడు దుర్బిణి సాధనంతో దూరం నుంచే కోణాలు పట్టి లెక్క కట్టాను. నల్లరాళ్ళ నుంచి ఎల్లమ్మ వాటా అంచుకు నూట డెబ్బై మీటర్లు. ఎవరి టేపూ లేకుండా, తరాల ఆడవాళ్ళ అడుగులతో తేలిన దూరం. విలాస్‌రావ్ సార్ దగ్గరికి వెళ్ళి విషయమంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విని, నవ్వాడు. "ఆరో తరగతి పిల్లలు అరగంట నోరు మూసుకుని కూర్చుంటారా? నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. సరే, ఒక్కసారి పరీక్ష పెడదాం. పిల్లలు కూర్చోవాలి, పక్షులు దిగాలి. రెండింట్లో ఏది తప్పినా మంజీర."

జనవరి రెండో శనివారం ఇస్లాపూర్ వైపు బడి నుంచి నలభై మంది పిల్లలొచ్చారు. బస్సు దిగుతూనే గైరాన్ మీద సంత వాలినట్టయింది. ఒకడికి దాహం, ఒకతికి చెప్పు తెగింది, ఇద్దరు కొట్టుకుంటున్నారు. ప్రాజక్త మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనైతే ఆ రోజు పొద్దున్నే, నలభై ఏళ్ళ తర్వాత, ఎల్లమ్మకు మొక్కుకుని బయల్దేరాను.

శివవ్వ వాళ్ళకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్కొక్కరి చేతికి తన కొడవలి ఇచ్చి, దాన్ని బోర్లించి నేల మీద పెట్టమంది. పెట్టాక గడ్డిపరక ఇచ్చింది. "ఇది నోట్ల పెట్టుకుంటే మీరు గూడ గడ్డే. గడ్డి మాట్లాడ్తదా? లేసి నిలబడ్తదా?" పిల్లలు తలలు అడ్డంగా ఊపారు. విలాస్‌రావ్ సార్‌కూ ఒకటి ఇచ్చింది. ఆయన దాన్ని కాసేపు చేత్తో తిప్పి, ఎవరూ చూడటం లేదనుకుని నోట్లో పెట్టుకున్నాడు. నలభై మందీ చూశారు.

పొద్దు దిగుతుండగా మొదటి గద్ద వచ్చింది. పిల్లల వరసలో ఊపిరి ఆగడం నాకు వినిపించింది. పది, యాభై, వంద. ఒకటి తొలి వరస మీదుగా పోతే దాని నీడ నలభై ముఖాల మీద వరసగా జారింది. ఒక్కరూ కదల్లేదు. పక్షులు దిగడం మొదలైంది. సరిగ్గా అప్పుడు విలాస్‌రావ్ సార్ ఫోటో తీయడానికి లేచి నిలబడ్డాడు.

దిగినవన్నీ ఒక్కసారిగా లేచాయి. వందల రెక్కలు తిరిగి పైకి లేచి, కొండ వైపు ఒరిగి, కొండ దాటి పోయాయి. ఆకాశం ఖాళీ అయింది. ఇరవై రెండేళ్ళ కింద నేను రాసింది నిజమైపోయినట్టు అనిపించింది. ప్రాజక్త రెండు చేతులతో మొహం కప్పుకుంది. సార్ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, పాపం, ఆయనకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు శివవ్వ కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, ఆయన ముంజేయి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి లాగినట్టు కిందికి లాగింది. ఆయన కూర్చున్నాడు. కిందపడ్డ పరకను వెతుక్కుని మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

సూర్యుడు పోయాడు. చలి మొదలైంది. పిల్లలు నా వైపు చూడలేదు, సార్ వైపు చూడలేదు. శివవ్వ వైపు చూశారు. ఆమె లేవలేదు, కాబట్టి వాళ్ళూ లేవలేదు. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. వెలుతురు చివరి పిసరు ఉండగా కొండ మీద ఒక గీత కనిపించింది. గీత దగ్గరికొచ్చింది, గీత రెక్కలైంది. పక్షులు తిరిగి వచ్చాయి. ఈసారి ఇంకా కిందుగా, మా ముందు నుంచే వెళ్ళి, ఒక్కొక్కటీ ఎల్లమ్మ వాటాలో పడుకున్నాయి. మమ్మల్ని క్షమించాయో, లెక్కలోకే తీసుకోలేదో నాకు తెలియదు. రెండూ నాకు ఒకటే అనిపించాయి.

బస్సు దాకా అందరూ పరక నోట్లోనే ఉంచుకుని నడిచారు. మెట్టు ఎక్కుతూ ఒక అమ్మాయి మాత్రం నోట్లోంచి పరక తీసి, "రేపు గూడ అస్తయా?" అని అడిగింది. శివవ్వ "నువ్వు కూసుంటే అస్తయి" అంది.

విలాస్‌రావ్ సార్ చదువు కింద నలభై ఎనిమిది మార్కులు వేశాడు. రెండు మార్కులు ఎందుకు తగ్గించారని అడిగితే, "నేను లేచి నిలబడ్డందుకు" అన్నాడు. ఆ లెక్కతో బోదవాడి గెలిచింది. సున్నం గుర్తులను ఊరివాళ్ళు ఆ వారమే గడ్డి చీపుళ్ళతో చెరిపేశారు.

నా పని మిగిలింది. పాత రికార్డు మీద కొత్తది ఎక్కించాలంటే మారినదానికి కారణం రాయాలి. "భూమి స్వభావంలో మార్పు" అని రాసెయ్యండి, రిటైర్మెంట్ ముందు తలనొప్పి ఎందుకు అన్నారు మా ఆఫీసులో. భూమి స్వభావం ఏం మారింది? నేను రాశాను: "ఈ భూమిని నేను మే నెలలో కొలిచాను. చలికాలం రమ్మన్నా రాలేదు. అప్పుడు రాసింది తప్పు." కింద సంతకం, స్టైలు లేకుండా. పటంలో ఎల్లమ్మ వాటా లోపలికి టేపు పట్టుకుని వెళ్ళలేదు, ఆ ముప్పై ఎనిమిది ఎకరాలు తెల్లగా వదిలేశాను. నా చేతి కింద ఖాళీ ఉన్న పటం అదొక్కటే.

పంపించే ముందు కాగితం పట్టుకుని బోదవాడికి వెళ్ళాను. నాకై నేను వెళ్ళాను, జీపు లేదు, బస్సులో. కోత ఆపి కూర్చున్న శివవ్వ నన్ను చూసి, ఇరవై రెండేళ్ళ కింద అడిగినట్టే అడిగింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

చదివి వినిపించాను. నా తప్పు ఒప్పుకున్న చోట గొంతు కాస్త తగ్గింది. చివరి వాక్యం గట్టిగా చదివాను, దాని మీద నాకు గర్వం ఉంది: "నల్లరాళ్ళు దాటి ఎవరికీ ప్రవేశం లేదు."

"ఎవ్వలకా?" అంది.

"ఎవ్వలకు లేదవ్వా. గట్టిగ రాసిన."

ఆమె పక్కన బోర్లించిన కొడవలి వైపు చూసుకుంది. "మరి మేము?"

ఇరవై రెండేళ్ళ కింద పిట్టల్ని చూడకుండా రాశాను. ఇప్పుడు పిట్టల్ని చూసి, వాటిని ఇన్నాళ్ళు కాచిన మనుషులకు వాకిలి మూశాను. అంబలి పోసిన చేతులకు. అప్పటికంటే ఇది పెద్ద తప్పు, ఎందుకంటే ఈసారి చలికాలం నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను.

జేబులోంచి పెన్ను తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాను. అంచుల గడ్డి కోత బోదవాడి ఆడవాళ్ళది. ఎల్లమ్మ వాటా ఎంతో, ఎప్పుడు కోయాలో వాళ్ళ మాటే హద్దు. వచ్చే పిల్లలకు కూర్చోవడం నేర్పేది వాళ్ళే. మోకాలి మీద గీతలు వంకర పోయాయి. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదవమంది, చదివాను.

"ఇప్పుడు కూసో" అంది శివవ్వ, నాకొక పరక ఇచ్చి.

కాగితం మడిచి చెప్పు కింద పెట్టుకుని కూర్చున్నాను. కొండ మీద గీత కనిపించింది. ఈసారి నేను లెక్క పెట్టలేదు.